లైన్ క్లియర్: షాద్‌నగర్ నుంచి కృష్ణ స్టేషన్ దాకా

మొదటి రోజు: కాచిగూడ నుంచి షాద్‌నగర్

రైలు నడవడానికి పట్టాలుంటే చాలదు. ముందున్న దారి ఎలా ఉందో రైలు కంటే ముందే కబురు అందాలి. రైల్వే ఉద్యోగులు ఆ కబురునే లైన్ క్లియర్ అంటారు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా మీదుగా పోయే రైలు మార్గంలో ఈ కబురు ఎన్ని రూపాలు మార్చుకుందో షాద్‌నగర్‌లో ఆగి చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు చేతి నుంచి చేతికి మారిన ఉక్కు గోళం ఉన్నదీ, ఇప్పుడు ఆకాశం నుంచి చిత్రాలు దిగుతున్నదీ ఆ ఊళ్లోనే. ఆ మార్గాన్ని ఊరూరా దిగి చూడాలన్న కోరికతో వానలు ఇంకా వెనకబట్టని భాద్రపదంలో బయలుదేరాను. వానల రోజులనే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. అది జడ్చర్ల దాటాక చెబుతాను.

కాచిగూడలో ప్యాసింజర్ ఎక్కాను. 1916లో కట్టిన ఆ స్టేషన్ అందం గురించి చాలామంది రాశారు కనుక అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. ఫలక్‌నుమా, ఉందానగర్, తిమ్మాపూర్ దాటేసరికి కిటికీకి ఒక పక్క బండరాళ్ల గుట్టలు, సీతాఫలం పొదలు, మరో పక్క ఇనుప కడ్డీల మిల్లులు, మందుల కంపెనీలు, పొడవాటి రేకుల గోదాములు కనిపించాయి. కొత్తూరు, నందిగామ, షాద్‌నగర్ ఇప్పుడు విడివిడి ఊళ్లుగా కాక ఒకే పారిశ్రామిక వరుసగా మారిపోయాయి. ఈ ఎదుగుదలకు రైలు మార్గం, దాని పక్కనే సాగే జాతీయ రహదారి రెండూ కారణమే. పాతవాళ్లు ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డనే పిలిచే ఆ రహదారికి 2010లో నంబర్లు మార్చినప్పుడు 44 వచ్చింది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే లారీలకు హైదరాబాదు దాటాక దక్షిణాన తగిలే మొదటి పెద్ద మజిలీల్లో షాద్‌నగర్ ఒకటి.

ఊరి పాత పేరు ఫరూఖ్‌నగర్; హైదరాబాదు రాజ్యానికి ప్రధానిగా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ కలంపేరైన షాద్ మీదుగా ఈ పేరు వచ్చింది. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు ఊరు రంగారెడ్డి జిల్లాలో కలిసినా, "మీదే జిల్లా?" అని అడిగితే నడివయసు దాటినవాళ్లు పాలమూరు అనే చెబుతారు. ఇక్కడి నుంచి ముందుకు పోతే వచ్చే తరవాతి స్టేషన్ బూర్గుల. హైదరాబాదు రాష్ట్రానికి 1952లో ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు గారి ఇంటిపేరు ఆ ఊరిదే.

స్టేషన్ నుంచి బస్టాండు దగ్గరికి నడిచి వెళ్లాను. రైళ్లు, బస్సులు పోటీదారులని మనం అనుకుంటాం కానీ ఈ ప్రాంతంలో బస్సు పుట్టింది రైల్వే ఇంట్లోనే. 1930లో బ్రిటిష్ కంపెనీ చేతుల్లో నుంచి రైల్వేను కొనుక్కున్న నిజాం ప్రభుత్వం, 1932లో అదే రైల్వే కింద రోడ్డు రవాణా విభాగాన్ని పెట్టింది. మొదట 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రైలు చేరని తాలూకా కేంద్రాలకు ఆ బస్సులు వెళ్లాయి. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడ్డాక కూడా ఆర్టీసీ బస్సు నంబర్లలో జెడ్ అక్షరం నిలిచిపోయింది; అది ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరమని ఆర్టీసీలో అందరూ చెబుతారు.

నేను ముఖ్యంగా కలవాలనుకున్నది ఒక పెద్దాయనను. మా మేనల్లుడు కొత్తూరులోని ఒక ఇనుప మిల్లులో పనిచేస్తూ షాద్‌నగర్‌లో ఉంటున్నాడు. అతని ఇంటి వెనక వీధిలోనే ఈ మార్గంలో పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. సాయంత్రం ఇద్దరం వెళ్లాం. అరుగు మీద చాప పరిచి కూర్చోబెట్టి, చాయ్ వచ్చేదాకా ఊరి ముచ్చట్లు చెప్పి, ఆ తరవాత మీటర్ గేజ్ రోజుల్లోకి వెళ్లారు.

అప్పట్లో ఈ మార్గానికి ఒకటే లైను ఉండేది. రాకపోకలు రెండూ దాని మీదే జరగాలి. ఎదురెదురుగా రెండు బండ్లు ఒకే సెక్షన్‌లోకి, అంటే రెండు స్టేషన్ల మధ్య దారిలోకి, రాకుండా చూడటానికి ప్రతి స్టేషన్‌లోనూ టోకెన్ పరికరం ఉండేది. ఇది చూడటానికి ఎత్తయిన ఇనుప పెట్టెలా ఉంటుంది. పక్క స్టేషన్‌లోని దీని జత పెట్టెతో తీగల ద్వారా కలిపి ఉంటుంది. దీని లోపల ఉక్కు గోళాలు ఉంటాయి. ఇక్కడి స్టేషన్ మాస్టర్ గంట మీట నొక్కితే అక్కడ గంట మోగుతుంది. ఎన్ని దెబ్బలు కొడితే ఏ అర్థమో ముందే నిర్ణయమై ఉంటుంది. అవతలి మాస్టర్ దారి ఖాళీగా ఉందని చూసుకుని తన పెట్టె పిడిని తిప్పితేనే ఇక్కడి పెట్టెలో నుంచి గోళం బయటికి జారుతుంది. ఒక గోళం బయట ఉన్నంతసేపు రెండు పెట్టెల్లో ఏదీ ఇంకో గోళాన్ని వదలదు. బండి అవతలి స్టేషన్ చేరి, ఆ గోళాన్ని అక్కడి పెట్టెలో వేసినప్పుడే దారి మళ్లీ తెరుచుకుంటుంది. పొరపాటున ఒక సెక్షన్ గోళాన్ని పక్క సెక్షన్ పెట్టెలో వేయాలని చూసినా అది పట్టదు, వాటి అచ్చులు వేరు.

"గోళం చేతిల లేకుంటే ఇంజను ఒక్క అడుగు కదలొద్దు సార్. సిగ్నల్ పడ్డా సరే కదలొద్దు. గోళమే డ్రైవర్‌కు హుకుం," అన్నారాయన.

ఆగే బండికి గోళం ఇవ్వడం కష్టమేమీ కాదు. ఆగకుండా పోయే బండికి ఇవ్వడంలోనే పనితనమంతా ఉంది. గోళాన్ని తోలు సంచిలో వేసి, ఆ సంచిని బెత్తపు రింగుకు కట్టి, పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం అంచున నిలబడి పైకి ఎత్తి పట్టుకుంటాడు. ఇంజనులో ఉన్న మనిషి చెయ్యి చాపి, రింగులోకి మోచెయ్యి దూర్చి లాక్కుంటాడు; వెనకటి సెక్షన్ రింగును అంతకు ముందే కిందికి విసిరేస్తాడు. ఎలా పట్టుకునేవారని మేనల్లుడు అడిగాడు. పెద్దాయన లేచి, దండెం మీది తాడు తీసి, ఒక చుట్ట చుట్టి, బొటనవేలికీ రెండు వేళ్లకూ మధ్య నిలబెట్టి చూపించారు.

"గట్టిగ పట్టుకుంటే మన చెయ్యే గుంజుకపోతది బిడ్డా. వేళ్ల కొసల మీద నిలవెట్టాలె. వాడు అందుకున్నడని మనకు తెల్వనే తెల్వద్దు, చెయ్యి ఖాళీ అయితది, అంతే."

రాత్రిపూట రింగు కనబడటానికి రెండో చేతిలో కాగడా పట్టుకునేవారట. వానలో కాగడా ఆరిపోతే డ్రైవర్ బండి ఆపక తప్పేది కాదు. 1990లలో ఈ మార్గం బ్రాడ్ గేజ్‌గా మారింది. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల జంట లైను, విద్యుదీకరణ జాతికి అంకితమయ్యాయి. దాని ఖర్చు సుమారు 1,410 కోట్ల రూపాయలు. పోయే బండికి ఒక లైను, వచ్చే బండికి ఒక లైను ఉన్న చోట గోళంతో పనేముంది? అయినా ఆయన చేతి వేళ్లు తాడు చుట్టను అలాగే నిలబెట్టి పట్టుకుని ఉండటం చూస్తూ, మన రైల్వే చరిత్రలో ఈ పనికి దక్కవలసిన చోటు దక్కలేదని నాకు గట్టిగా అనిపించింది. స్టేషన్లను ప్రారంభించినవారి పేర్లు శిలాఫలకాల మీద ఉన్నాయి. ప్రతి రాత్రీ ఎదురెదురు బండ్లను ఢీకొనకుండా చూసిన చేతుల గురించి ఎక్కడా ఒక వాక్యం లేదు.

రెండో రోజు: షాద్‌నగర్

ఉదయం మేనల్లుడి మోటార్‌సైకిల్ మీద ఊరి బయటికి వెళ్లాం. షాద్‌నగర్ పేరు దేశంలోని శాస్త్రవేత్తలందరికీ తెలిసింది రైలు వల్ల కాదు, రోడ్డు వల్ల కాదు. ఉపగ్రహాల నుంచి నేలను పరిశీలించే జాతీయ దూర సంవేదన కేంద్రం వారి భూతల కేంద్రం ఇక్కడ ఉండటం వల్ల. అనుమతి లేకుండా లోపలికి పోనివ్వరు కనుక దూరంగా రోడ్డు మీద నిలబడి చూశాం. చెట్ల పైన తెల్లటి పెద్ద యాంటెన్నాలు ఆకాశంలోకి తెరుచుకుని కనిపిస్తాయి. మేం చూస్తుండగానే వాటిలో ఒకటి చాలా నెమ్మదిగా, కంటికి ఆనీ ఆననట్టుగా దక్షిణం వైపు నుంచి పైకి లేవడం మొదలుపెట్టింది.

"ఉపగ్రహం వస్తున్నట్టుంది మామా," అన్నాడు మేనల్లుడు.

టీవీ ప్రసారాల ఉపగ్రహాలు ఆకాశంలో ఒకే చోట నిలబడినట్టుంటాయి కనుక వాటి వైపు తిప్పిన గొడుగును మళ్లీ కదపనక్కర్లేదు. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలు అలాంటివి కావు. అవి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతూ, సుమారు గంటన్నర నుంచి రెండు గంటల లోపు భూమిని ఒకసారి చుట్టేస్తాయి. ఒక కేంద్రానికి అవి కనిపించేది ఒక్కో చుట్టుకు పది, పదిహేను నిమిషాలే. ఆ కొద్దిసేపట్లోనే యాంటెన్నా ఉపగ్రహాన్ని దిగంతం దగ్గర పట్టుకుని, దానితోపాటే తిరుగుతూ, అవతలి దిగంతంలో అది దిగిపోయేదాకా సంకేతాలను అందుకోవాలి. నిన్న పెద్దాయన చెప్పిన పనే ఇది. పోతున్న బండిని ఆపకుండా అందుకోవాలి, అది చేజారితే మళ్లీ వచ్చేదాకా ఎదురుచూడాలి.

అమెరికా తన మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాన్ని 1972 జులైలో పంపింది. భారత ప్రభుత్వం 1974లో హైదరాబాదు కేంద్రంగా జాతీయ దూర సంవేదన సంస్థను నెలకొల్పింది. ల్యాండ్‌శాట్ సంకేతాలను మన గడ్డ మీదే నేరుగా అందుకోవడానికి 1979లో షాద్‌నగర్‌లో భూతల కేంద్రం ఏర్పడింది. అంతకు ముందు మన పొలాలు, మన చెరువుల ఉపగ్రహ చిత్రాలు కావాలన్నా అమెరికా నుంచి తెప్పించుకోవలసి వచ్చేది. దక్కను పీఠభూమి మీద, దేశం మధ్యకు దగ్గరగా ఉన్న ఈ చోటు నుంచి చూస్తే హిమాలయాల నుంచి శ్రీలంక దాకా ఉపగ్రహం ఎక్కడ తిరిగినా కనుచూపులోనే ఉంటుంది. ఆ కాలపు ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క నేల మీద సుమారు 80 మీటర్ల చదరం. అంటే ఒక ఊరి చెరువు కొన్ని చుక్కలుగా కనిపించేది. అయినా దానితోనే బంజరు భూములు, అడవులు, నీటి వనరుల పటాలు గీశారు.

ఈ కథలో నాకు ఎంతో నచ్చిన సంగతి ఒకటుంది. ఆకాశం నుంచి సెకనుకు 15 మెగాబిట్ల వేగంతో దిగిన సంకేతాలు షాద్‌నగర్‌లో అయస్కాంత టేపుల మీదికి ఎక్కేవి. ఆ టేపులను చిత్రాలుగా మార్చే కంప్యూటర్లు హైదరాబాదులోని బాలానగర్‌లో ఉండేవి. (ఈ మార్గంలో ముందు వచ్చే బాలానగర్ వేరు, మంచి సీతాఫలం రకానికి పేరిచ్చింది ఆ బాలానగర్.) అందువల్ల తొమ్మిది వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి క్షణంలో వచ్చిన సమాచారం మిగిలిన దూరాన్ని బండిలో, రోడ్డు మీద ప్రయాణించేది. 2011లో షాద్‌నగర్‌లోనే యాంటెన్నాలను, నిల్వను, చిత్రాల తయారీని ఒకే ప్రాంగణంలో చేర్చాకే ఆ రోడ్డు ప్రయాణం అవసరం లేకుండా పోయింది. రోజులు పట్టే పని గంటల్లోకి వచ్చింది.

1988 మార్చి 17న సోవియట్ యూనియన్‌లోని బైకనూరు నుంచి మన తొలి కార్యాచరణ దూర సంవేదన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ బయలుదేరింది. అప్పటి నుంచి షాద్‌నగర్ ఇతరుల ఉపగ్రహాల కోసం ఎదురుచూసే చోటుగా కాక మన ఉపగ్రహాల రేవుగా మారింది. ఐఆర్ఎస్-1ఎ కెమెరాల్లో మెరుగైనదానికి 36 మీటర్ల వివరం కనిపించేది. 1995లో వెళ్లిన ఐఆర్ఎస్-1సికి ఆరు మీటర్ల లోపు వివరం కనిపించింది. 2019లో వెళ్లిన కార్టోశాట్-3కి పావు మీటరు చాలు. ఈ లెక్కలను వరుసగా చదువుకుంటే మూడు దశాబ్దాల్లో చెరువు నుంచి చెరువు కట్ట మీది బండిదాకా చూపు ఎంత దగ్గరికి వచ్చిందో అర్థమవుతుంది.

వీటన్నిటిలోనూ పాలమూరుకు ఎక్కువ పనికొచ్చేది రాడార్ ఉపగ్రహమని నా నమ్మకం. మామూలు కెమెరా మేఘాన్ని దాటి చూడలేదు, వరదలు వచ్చేదేమో మేఘాలున్నప్పుడే. రాడార్ తన తరంగాలను తానే కిందికి పంపి, తిరిగొచ్చిన వాటితో చిత్రం గీస్తుంది. మేఘం దానికి అడ్డు కాదు, రాత్రీ అడ్డు కాదు. గరుకైన నేల ఆ తరంగాలను చెదరగొట్టి కొంత వెనక్కి పంపుతుంది కనుక తెల్లగా కనిపిస్తుంది. నిలిచిన నీరు అద్దంలా వాటిని పక్కకు మళ్లించేస్తుంది కనుక నల్లగా కనిపిస్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగి కర్నూలు మునిగినప్పుడు, అలంపురం, రాజోలి నీళ్లలో చిక్కుకున్నప్పుడు, శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు, ఎక్కడిదాకా నీరు పాకిందో చెప్పే పటాలు ఇలాంటి చిత్రాల నుంచే తయారవుతాయని ఈ జిల్లా అధికారులకు బాగా తెలిసివచ్చింది.

రోడ్డు పక్క చాయ్ బండి ఆయనను ఆ తెల్ల గొడుగుల సంగతి అడిగాను. "మొగులు మీదికెళ్లి ఫొటోలు దింపుతరు సార్. ఏడ నీళ్లున్నయి, ఏడ పంట ఎండుతున్నది అన్నీ ఎరుకైతయట," అని ఒక్క ముక్కలో చెప్పేశారు. ఇంతకంటే సరైన నిర్వచనం నాకు చేతకాదు.

మూడో రోజు: జడ్చర్ల, మహబూబ్‌నగర్

తెల్లవారకముందే జల్లు మొదలైంది. బాలానగర్, రాజాపూర్, గొల్లపల్లి దాటి జడ్చర్లలో దిగాను. ఉత్తర దక్షిణాలుగా పోయే 44వ నంబరు రహదారిని, రాయచూరు వైపు నుంచి వచ్చి కల్వకుర్తి, మిర్యాలగూడ మీదుగా కోదాడ చేరే 167వ నంబరు రహదారి ఇక్కడే దాటుతుంది. పల్లీలకు, పత్తికి, మొక్కజొన్నకు పేరున్న బాదేపల్లి మార్కెట్టు ఇక్కడిదే. దుందుభి వాగు ఊరి పక్క నుంచే పారుతుంది.

వానలో ఈ దారి చూడాలని నేను అనుకోవడానికి కారణం 1956 సెప్టెంబరు 2. ఆ రాత్రి జడ్చర్ల, మహబూబ్‌నగర్ స్టేషన్ల మధ్య వరద ఉధృతికి వంతెన కూలి, సికింద్రాబాద్ వైపు నుంచి వస్తున్న రైలు నీళ్లలో పడింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు. నెహ్రూ దాన్ని అంగీకరించలేదు. అదే ఏడాది నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర మరో రైలు అలాగే వరదలో పడ్డాక శాస్త్రి మళ్లీ రాజీనామా చేశారు, ఈసారి అంగీకరించారు. శాస్త్రి గారి రాజీనామా గురించి దేశమంతా చెప్పుకుంటుంది. దాని మొదటి అధ్యాయం పాలమూరు మట్టిలో జరిగిందన్న సంగతి మాత్రం ఈ జిల్లా పిల్లలకు కూడా సరిగా తెలియకపోవడం నన్ను బాధిస్తుంది. చనిపోయినవారి పేర్లతో ఒక ఫలకమైనా జడ్చర్ల ప్లాట్‌ఫారం మీద ఉండాలి.

ఇక్కడ మొదటి రోజు విన్న గోళం సంగతి మళ్లీ ఆలోచించాలి. గోళం, తీగ, గంట ఇవన్నీ చెప్పేది ముందు సెక్షన్‌లో మరో బండి లేదని మాత్రమే. వంతెన నిలిచి ఉందా అన్నది వాటికి తెలియదు. ఈ కాలపు సిగ్నళ్లకూ అది పూర్తిగా తెలియదు. కట్ట కొట్టుకుపోయినా పట్టా తెగకుండా గాలిలో వేలాడుతుంటే పట్టాల గుండా పోయే విద్యుత్ సర్క్యూట్‌కు తేడా కనబడదు. పైగా పాలమూరు నేల తీరు ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. ఇక్కడి చెరువులు గొలుసుకట్టుగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైచెరువు తెగితే కింది చెరువు ఆ నీటిని ఆపలేదు. ఎండాకాలమంతా ఇసుక తప్ప ఏమీ లేని వాగు ఒక్క గంటలో నిండుతుంది.

ఆ లోటును పూడ్చేది కాలినడకన తిరిగే మనిషి. జడ్చర్ల దాటాక లెవెల్ క్రాసింగ్ దగ్గర వానకోటు వేసుకున్న ఒక ట్రాక్‌మన్ కలిశారు. వానాకాలంలో రాత్రిపూట పట్టాల వెంబడి గస్తీ తిరిగేవారిలో ఆయన ఒకరు. ఆయన సంచిలో ఏమేం ఉంటాయో చూపించమని అడిగితే, పక్కకు జరిగి, రేకుల కప్పు కింద నిలబడి ఒక్కొక్కటి తీశారు: ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు మార్చే చేతి దీపం, విజిల్, గస్తీ పుస్తకం, రేకు డబ్బీలో డిటొనేటర్లు. డిటొనేటర్ అంటే అరచేతిలో ఇమిడే చిన్న గుండ్రటి బిళ్ల. దానికి రెండు పక్కలా మెత్తని రేకు చెవులుంటాయి. వాటిని పట్టా తల కిందికి మడిస్తే బిళ్ల కదలకుండా నిలుస్తుంది. ఇంజను చక్రం ఎక్కగానే పెద్ద చప్పుడుతో పేలి డ్రైవర్‌ను హెచ్చరిస్తుంది. పట్టా దెబ్బతిన్న చోటు నుంచి 600 మీటర్ల దూరంలో ఒకటి, 1,200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి.

"రెండు దిక్కులకెళ్లి బండ్లొస్తే ఏ దిక్కు ఉరుకుతరు?" అని అడిగాను.

"ఏ బండి ముందుగాల వస్తదో ఆ దిక్కే సార్. టైంటేబుల్ నోటికి ఉండాలె. మొదలు దీపం ఎర్రగ పెట్టి నిలవెట్టి, అటెన్క ఉరుకుడే," అన్నారు.

గస్తీ పుస్తకం తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. ఒక బీటు (ఒకరు గస్తీ తిరగవలసిన దూరం) చివర ఎదురొచ్చే మనిషితో ఆ పుస్తకాన్ని మార్చుకోవాలి. తెల్లారేసరికి పుస్తకం సెక్షన్ అంతా తిరిగి వచ్చిందంటే, ప్రతి అడుగునూ ఎవరో ఒకరు నడిచి చూశారని రుజువు. వంతెన స్తంభం మీద ప్రమాద స్థాయి గీత ఉంటుంది. నీరు దాన్ని తాకితే బండ్లు ఆపాలి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర పట్టాల కింది కంకర అంతా కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన రోజున రైళ్లను ముందే నిలిపివేశారు, ప్రాణనష్టం జరగలేదు. తేదీల్లో ఒక్క రోజు తేడాతో, అరవై ఎనిమిదేళ్ల తరవాత ఇదే వాన, ఇదే రాష్ట్రం. ఈసారి కబురు బండి కంటే ముందు చేరింది.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. దివిటిపల్లి దగ్గర విద్యుత్ వాహనాలకు కావలసిన లిథియం బ్యాటరీ సెల్‌ల కోసం అమరరాజా వారు చేపట్టిన కర్మాగారం ఆవరణను బయటి నుంచే చూశాను. 2023 మే నెలలో దానికి శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి అని అప్పుడు ప్రకటించారు. దాని ఫలితం గురించి రాయడానికి ఇంకా కొన్నేళ్లు ఆగాలి. రాత్రి మహబూబ్‌నగర్‌లో బస చేశాను.

నాలుగో రోజు: దేవరకద్ర, మక్తల్, కృష్ణ

మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర దాకా పాత మార్గమే. అక్కడ గద్వాల, కర్నూలు వైపు పోయే లైను ఎడమకు మిగిలిపోతుంది, మా బండి పడమటికి తిరిగింది. 1997–98లో మంజూరైన మునీరాబాద్–మహబూబ్‌నగర్ మార్గంలో భాగమిది. మొత్తం పొడవు 244 కిలోమీటర్లు. దేవరకద్ర నుంచి జక్లేర్ దాకా ముందు పూర్తయింది. జక్లేర్ నుంచి కృష్ణ దాకా 37 కిలోమీటర్లు 500 కోట్లకు పైగా ఖర్చుతో పూర్తయి, 2023 అక్టోబరు 1న అంకితమైంది. ఆ రోజే కాచిగూడ–రాయచూరు రైలు కృష్ణ స్టేషన్ నుంచి మొదలైంది. కిటికీలో నల్లరేగడి కనిపించడం మొదలైతే నారాయణపేట జిల్లాలోకి వచ్చినట్టే. కంది, పత్తి చేలు వానకు తలలు వంచి ఉన్నాయి. మక్తల్‌లో బండి నిండిపోయింది.

కృష్ణ స్టేషన్ చిన్నదే కానీ ఉమ్మడి పాలమూరు జిల్లాలో దీనికి సాటి వచ్చే చరిత్ర మరో స్టేషన్‌కు లేదు. బొంబాయి నుంచి పుణె, షోలాపూర్ మీదుగా దక్షిణానికి దిగిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా ఎక్కి వచ్చిన మద్రాసు రైల్వే 1871లో రాయచూరులో కలిశాయి. ఆ కలయికతో అరేబియా సముద్రం ఒడ్డున దిగిన తపాలా బంగాళాఖాతం ఒడ్డుకు పట్టాల మీదే చేరింది. ఆ దారి కృష్ణా నదిని దాటేది ఇక్కడే. హైదరాబాదు నగరానికి రైలు వచ్చింది 1874లో. ఈ మార్గంలోని వాడి నుంచి కొమ్మ చీల్చి వేశాకే. అంటే రాజధాని కంటే ముందే జిల్లా మూలన ఉన్న ఈ నేల మీద బొంబాయి, మద్రాసు మెయిళ్ల దారి పడింది. అయినా ఈ మూల నుంచి సొంత జిల్లా కేంద్రానికి నేరుగా రైలెక్కడానికి నూట యాభై రెండేళ్లు ఆగవలసి వచ్చింది. రవాణా చరిత్రలో ఇంత పొడవైన నిరీక్షణ నేను ఇంకెక్కడా చూడలేదు. దారి మన మీదుగా పోవడం వేరు, దారి మనకోసం పడటం వేరు.

ప్లాట్‌ఫారం మీద ముంబయి బండి కోసం ఒక గుంపు కూర్చుని ఉంది. మూటలు, వంటగిన్నెలు, పారలు, ఒక పసిపిల్ల. గుంపు మేస్త్రి అరవై దాటినవాడు. ఆయన పక్కన కూర్చుని మాట కలిపాను. పాలమూరు లేబర్ అన్న పేరు ఈ దేశపు ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, రైలు కట్టలు కట్టే చోట తెలియనివాళ్లు లేరు. అడ్వాన్సు తీసుకుని, గుంపుగా కదిలి, నెలల తరబడి పని దగ్గరే గుడిసెలు వేసుకుని ఉండే ఆ బతుకు ఎంత కఠినమో ఈ జిల్లాలో ప్రతి ఇంటికీ తెలుసు. ఆయన మాత్రం నాకు తెలియని ఒక పని గురించి చెప్పారు.

"మట్టి పని తగ్గినంక కేబుల్ గుంతలకు పోయినం సార్. పుణె, నాసిక్, గుజరాత్. టెలిఫోనుదంటే ఐదున్నర అడుగుల లోతు. నిలువునా దిగుడే. సూపర్‌వైజర్ ఇనుప రాడ్ తెచ్చి దించి చూస్తడు. జానెడు తక్కువున్నా పైసలు కోస్తడు. బండ తగిల్తే దినమంతా నాలుగు గజాలు కూడ సాగది."

భూమిలో వేసే ఆప్టికల్ ఫైబర్ తీగకు టెలిఫోన్ శాఖ నిర్ణయించిన లోతు దాదాపు అంతే, 165 సెంటీమీటర్లు. ఆ కొలతను ఆయన కాగితంలో చదవలేదు, తన ఎత్తుతో నేర్చుకున్నారు. తన గడ్డం దగ్గర అడ్డంగా చెయ్యి పెట్టి, "ఈడికి రావాలె," అని చూపించారు.

ఈ గుంపు మరికల్ దగ్గరి ఊరిది. ఇంతకు ముందైతే ఆర్టీసీ బస్సులో రాయచూరు దాకా పోయి, అక్కడ ముంబయి బండి పట్టుకునేవారట. మూటలకు, పారలకు కండక్టరుతో గొడవ, బస్సు ఆలస్యమైతే బండి తప్పడం, స్టేషన్‌లో రాత్రంతా పడుకోవడం. ఇప్పుడు మరికల్‌లోనే రైలెక్కి ఇక్కడ దిగుతున్నారు. అయితే కృష్ణలో ఆగే ముంబయి బండ్లు తక్కువ. మరో రెండు ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడ ఆపితే, కాచిగూడ రైలును వాటి వేళలకు కలిసేలా మారిస్తే, మక్తల్, నారాయణపేట, కోయిలకొండ ప్రాంతాల గుంపులన్నిటికీ రాయచూరు తిరుగుడు తప్పుతుందని ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. స్టేషన్ మాస్టర్ గదిలోని ఫిర్యాదుల, సలహాల పుస్తకంలో ఆయన చెప్పినట్టే, ఊళ్ల పేర్లతో సహా రాశాను; కింద ఆయన వేలిముద్ర వేశారు.